రాత్రంతా ఛార్జింగ్: బ్యాటరీని తినేది ఏది?

రాత్రి పడుకోబోతూ ఫోను ఛార్జింగ్‌కి పెట్టడం, పొద్దున లేవగానే తీయడం ఇవాళ దాదాపు అందరి ఇళ్లలోనూ ఉన్న అలవాటే. పగలంతా చేతిని వదలని వస్తువు కాబట్టి దానికి తీరిక దొరికేది మనం నిద్రపోయినప్పుడే. ఇంత మామూలు పని చుట్టూ ఎన్ని భయాలు పేరుకున్నాయో! ఓవర్‌ఛార్జ్ అయి పేలిపోతుందని ఒకరు, ఎనభై శాతం దాటనివ్వకూడదని ఒకరు, కొత్త ఫోనును మొదటిసారి ఎనిమిది గంటలు పెట్టి తీరాలని ఇంకొకరు, నెలకోసారి పూర్తిగా దించి ఎక్కించకపోతే బ్యాటరీ మొద్దుబారుతుందని మరొకరు చెబుతారు. వీటిలో చాలా మాటలు ఒకప్పుడు, వేరే రకం బ్యాటరీ విషయంలో నిజమే. బ్యాటరీ మారింది, సలహా మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ పాత బ్యాటరీ నికెల్-కాడ్మియం. దాని వెనకే నికెల్-మెటల్ హైడ్రైడ్ వచ్చింది. 2000లో విడుదలైన నోకియా 3310తో ఇచ్చింది ఈ రెండో రకమే. నికెల్-కాడ్మియం బ్యాటరీని ప్రతిసారీ సగం వాడి మళ్లీ ఎక్కిస్తూ పోతే, కొన్నాళ్లకి ఆ సగం దగ్గరే వోల్టేజ్ పడిపోయేది. దానికే మెమరీ ఎఫెక్ట్ అని పేరు. పూర్తిగా దించి ఎక్కించడం దానికి మందు. పైగా ఆనాటి చవక ఛార్జర్లకి బ్యాటరీ నిండిందో లేదో తెలుసుకునే ఏర్పాటు ఉండేది కాదు. నిండాక కూడా కరెంటు పంపుతూనే ఉండేవి, ఆ కరెంటంతా వేడిగా మారేది. అందుకే గంటలు లెక్కపెట్టుకుని మనిషే లేచి తీయాల్సి వచ్చేది. 2003లో నోకియా 1100 వచ్చి పల్లెపల్లెకీ చేరేనాటికి లోపల ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. పాత జాగ్రత్తలు దానికి అక్కర్లేదు. దానికి కావలసిన జాగ్రత్తలు వేరే ఉన్నాయి, అవి ఎవరూ చెప్పలేదు.

ఇప్పటి ఫోను ఛార్జింగ్ ఎలా ముగుస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. మొదట బ్యాటరీలోకి స్థిరమైన కరెంటు వెళ్తుంది. వోల్టేజ్ క్రమంగా పెరిగి కంపెనీ పెట్టిన హద్దును తాకుతుంది. అక్కడి నుంచి ఫోనులోని చిప్పు వోల్టేజ్‌ను ఆ హద్దు దగ్గరే నిలిపి, కరెంటును తగ్గించుకుంటూ పోతుంది. బిందె నిండబోతుంటే పంపు సన్నగా తిప్పినట్టు అన్నమాట. చివరి ఇరవై శాతానికి అంతసేపు పట్టేది ఇందుకే. కరెంటు బాగా సన్నబడ్డాక చిప్పు బ్యాటరీకి దారి మూసేస్తుంది. ఆ తర్వాత ఫోను నడవడానికి కావలసిన కరెంటు ఛార్జర్ నుంచే వస్తుంది. బ్యాటరీ ఏ కొంచెమో దిగితే మళ్లీ కాస్త ఎక్కిస్తుంది. కాబట్టి రాత్రంతా ప్లగ్గులో ఉన్నంత మాత్రాన మంచి ఫోను ఓవర్‌ఛార్జ్ కాదు. ఆ మాట గట్టిగానే చెప్పవచ్చు.

మరి ఫోన్లు పేలిన వార్తల సంగతేమిటి? ఆ వార్తలు అబద్ధం కావు. 2007 ఆగస్టులో నోకియా తన బీఎల్-5సీ బ్యాటరీల్లో 4 కోట్ల 60 లక్షల వాటి గురించి హెచ్చరిక జారీచేసి, కోరినవారికి మార్చి ఇచ్చింది. 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు వరకు జపాన్ సంస్థ మత్సుషిత తయారుచేసిన ఆ బ్యాటరీలు ఛార్జింగ్‌లో ఉండగా విపరీతంగా వేడెక్కే అవకాశం ఉందని తేలింది. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7ని మార్కెట్ నుంచి పూర్తిగా వెనక్కి తీసుకున్నారు. 2017 జనవరిలో ఆ సంస్థ బయటపెట్టిన కారణాలు ఏమిటంటే, ఒక సరఫరాదారు బ్యాటరీల్లో మూల దగ్గర లోపలి పొర వంగడం, మరొకరి బ్యాటరీల్లో వెల్డింగ్ దగ్గర లోహపు మొనలు మిగిలిపోవడం. రెండు చోట్లా లోపల షార్ట్ అయింది. ఈ రెండూ ఫ్యాక్టరీలో పుట్టిన లోపాలు. వాడేవాళ్లు రాత్రి పెట్టారా పగలు పెట్టారా అన్నదాంతో వాటికి పని లేదు.

అంటే రాత్రి ప్రమాదమే లేదనుకోకూడదు. దిండు కింద, దుప్పటి మడతల్లో పెట్టిన ఫోనుకి వేడి బయటికి పోయే దారి ఉండదు. ఫుట్‌పాత్ మీద కొన్న డూప్లికేట్ ఛార్జర్‌లో ఇంటి కరెంటుకీ ఫోనుకీ మధ్య ఉండాల్సిన అడ్డు సరిగా ఉండకపోవచ్చు. వెనక మూత ఉబ్బి లేచిన ఫోనును ఛార్జింగ్‌కి పెట్టడం నిజంగా ప్రమాదం, అది పగలైనా సరే. ఉబ్బిందంటే లోపల రసాయనాలు విరిగి గ్యాస్ పుట్టిందని అర్థం. గుచ్చకూడదు, నొక్కి మూత వేయకూడదు, చెత్తబుట్టలో పడేయకూడదు. మన దేశంలో బ్యాటరీలకీ ఛార్జర్లకీ బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఛార్జర్ మీద ఆ గుర్తు, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ప్రాణానికి సంబంధించినంతవరకు చూసుకోవాల్సినవి ఇవి. గడియారం కాదు.

ఇక రెండో సంగతి, అరుగుదల. అసలు చర్చ జరగాల్సింది ఇక్కడే.

లిథియం అయాన్ బ్యాటరీ వెనక యాభై ఏళ్ల కృషి ఉంది. 1970లలో ఎక్సాన్ కంపెనీలో స్టాన్లీ విటింగ్‌హామ్, 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో కోబాల్ట్ ఆక్సైడ్‌తో జాన్ గుడెనఫ్, 1985లో జపాన్‌లో కార్బన్ ఆనోడ్‌తో అకిరా యోషినో ఒక్కో మెట్టు కట్టారు. 1991లో సోనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. 2019లో ఆ ముగ్గురికీ కలిపి రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. అప్పటికి గుడెనఫ్ వయసు 97. నోబెల్ అందుకున్నవారిలో ఆయనంత పెద్దవయసువారు లేరు.

ఈ బ్యాటరీలో ఒకవైపు కోబాల్ట్ ఆక్సైడ్ లాంటి పదార్థం, ఇంకోవైపు ఆనోడ్‌గా గ్రాఫైట్, మధ్యలో ఎలక్ట్రోలైట్ ద్రవం. ఛార్జింగ్ ఎక్కుతున్నప్పుడు లిథియం అయాన్లు మొదటివైపు నుంచి బయల్దేరి గ్రాఫైట్ పొరల సందుల్లోకి చేరతాయి, దిగుతున్నప్పుడు వెనక్కి వస్తాయి. చిక్కేమిటంటే, లిథియం నిండిన గ్రాఫైట్‌ను తాకితే ఎలక్ట్రోలైట్ నిలవలేదు, విరిగిపోతుంది. విరిగిన ముక్కలు గ్రాఫైట్ మీద సన్నని పొరగా పేరుకుంటాయి. ఆ పొరే లేకపోతే బ్యాటరీ పనిచేయదు. ఎందుకంటే అది అయాన్లను పోనిస్తూ మిగతా ద్రవాన్ని గ్రాఫైట్‌కి తగలకుండా కాపాడుతుంది. కానీ ఆ పొర ఎప్పటికీ పూర్తిగా ఆగదు, నెమ్మదిగా మందమవుతూనే ఉంటుంది. మందమైనప్పుడల్లా కొంత లిథియం అందులో చిక్కుకుని ఇక పనికిరాకుండా పోతుంది. ఫోను వాడినా, వాడకుండా బీరువాలో దాచినా ఈ నష్టం జరుగుతూనే ఉంటుంది. కోబాల్ట్ వైపు కూడా ఊరికే ఉండదు. వోల్టేజ్ ఎక్కువగా ఉన్నంతసేపూ అక్కడ ఎలక్ట్రోలైట్ ఆక్సీకరణ చెందుతుంది, లోహం కొద్దికొద్దిగా కరుగుతుంది.

ఈ రెండు చర్యలనీ వేగం చేసేవి రెండు. బ్యాటరీ ఎంత నిండుగా ఉంది, ఎంత వేడిగా ఉంది. రాత్రి ఛార్జింగ్ మీద తీర్పు చెప్పాలంటే ఈ రెండింటినే అడగాలి.

కెనడాకు చెందిన బ్యాటరీ పరికరాల సంస్థ కాడెక్స్ నడిపే బ్యాటరీ యూనివర్సిటీ చాలాకాలంగా ఒక పట్టిక ఇస్తోంది. లిథియం అయాన్ బ్యాటరీని ఏడాది కదపకుండా ఉంచితే ఎంత సామర్థ్యం మిగులుతుందన్న అంచనాలవి. 25 డిగ్రీల వేడిలో 40 శాతం ఛార్జ్‌తో ఉంచితే 96 శాతం మిగులుతుంది. అదే వేడిలో నిండు ఛార్జ్‌తో ఉంచితే 80. వేడి 40 డిగ్రీలకి చేరితే, 40 శాతం ఛార్జ్‌తో ఉన్నది 85కి, నిండుగా ఉన్నది 65కి దిగుతుంది. ఇవి పాత తరం కోబాల్ట్ బ్యాటరీల అంకెలు. ఇప్పటి ఎలక్ట్రోలైట్లు మెరుగుపడ్డాయి కాబట్టి అంత నష్టం ఉండదు. కానీ అంకెల మధ్య ఉన్న నిష్పత్తి చూడండి. నిండుతనం ఒక్కటే ఉంటే ఒక నష్టం, వేడి ఒక్కటే ఉంటే దానికి దగ్గర నష్టం, రెండూ కలిస్తే నష్టం మూడో వంతు దాటింది.

దీన్ని మన రాత్రికి అన్వయిద్దాం. పదిన్నరకి ఛార్జింగ్ పెడితే ఇప్పటి ఛార్జర్‌తో పన్నెండుకల్లా నిండుతుంది. ఆరింటికి తీస్తే, ఆరు గంటలు నిండుగా కూర్చుంది. ఏడాదికి 2,190 గంటలు, అంటే 91 రోజులు. ఏడాదిలో నాలుగో వంతు. ఆ పట్టికలో 25 డిగ్రీల దగ్గర నిండు బ్యాటరీకీ 40 శాతం ఛార్జ్ బ్యాటరీకీ ఉన్న తేడా 16 శాతం. అందులో నాలుగో వంతంటే ఏడాదికి 4 శాతం. ఇది ముతక లెక్కే, అదీ పాత బ్యాటరీల మీద వేసింది. ఈనాటి మంచి ఫోనుకి ఇంతకంటే తక్కువే ఉంటుందని నా నమ్మకం. మొత్తానికి రాత్రంతా ఛార్జింగ్ పెడితే బ్యాటరీ పాడైపోతుందన్న మాట అబద్ధం. ఏమీ కాదన్న మాట కూడా పూర్తి నిజం కాదు. ఏడాదికి కొద్ది శాతం తేడా, అంతే. చల్లని దేశంలో ఉన్నవాళ్లు దాన్ని మరిచిపోయి నిద్రపోవచ్చు.

మనం ఉన్నది చల్లని దేశం కాదు. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు 20, 25 డిగ్రీల గదిని మనసులో పెట్టుకుని రాసినవి. ఐఫోనును 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడాలని ఆపిల్ చెబుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో కొత్తగూడెంలోనో పగలు 45 దాకా పోయిన ఎండ రాత్రికి గోడల్లోంచి బయటికి వస్తుంది. డాబా ఇంట్లో, ఫ్యాను మాత్రమే ఉన్న గదిలో అర్ధరాత్రి 33, 34 డిగ్రీలు ఉండటం వింతేమీ కాదు. దానికి ఛార్జింగ్ వేడి తోడై, మందపాటి రబ్బరు కవరు తోడై, కింద పరుపు తోడైతే బ్యాటరీ 40 డిగ్రీల చుట్టూ తిరుగుతుంది. పదేసి డిగ్రీలకి రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయనశాస్త్రంలో పాత మోటు సూత్రం. కాబట్టి శాతాల గురించి తెగ ఆలోచించి వేడిని వదిలేయడం మన ప్రాంతంలో తలకిందుల లెక్క. ఫోను కవరు తీసి, గూట్లో కడప బండ మీదో నాపరాయి గట్టు మీదో గాలి తగిలేలా పెడితే, ఎనభై దగ్గర తీయడానికి అలారం పెట్టుకోవడం కంటే ఎక్కువ మేలు జరుగుతుంది. అటక కింద, టీవీ వెనక, ఇన్వర్టర్ పక్కన పెడితే ఎనభై దగ్గర ఆపినా ఆ ఫలం అంతగా దక్కదు.

నిజానికి బ్యాటరీలు అందరికంటే ముందు పోయేది రాత్రి నిద్రపోయేవాళ్లవి కావు. డెలివరీ కుర్రాళ్లను చూడండి. బండి హ్యాండిల్‌కి బిగించిన ఫోను మధ్యాహ్నం రెండు గంటల ఎండలో తెర పూర్తి వెలుతురుతో, మ్యాపు నడుస్తూ, పవర్‌బ్యాంకు నుంచి ఛార్జ్ ఎక్కుతూ ఉంటుంది. అంతకంటే కఠినమైన పరీక్ష ప్రయోగశాలలో కూడా అరుదు. క్యాబ్ డ్రైవర్ల డ్యాష్‌బోర్డు ఫోన్లదీ అదే గతి. వాళ్లకి ఫోను కొనుక్కున్న సరుకు మాత్రమే కాదు, పనిముట్టు కూడా. బ్యాటరీ పోతే ఆ రోజు కూలి పోతుంది. బ్యాటరీ జాగ్రత్తల గురించి రాసేవాళ్లు వీళ్లను మనసులో పెట్టుకుని రాయడం నేను ఎక్కడా చూడలేదు. ఏసీ క్యాబిన్‌లో వైర్‌లెస్ ప్యాడ్ మీద ఫోను పెట్టేవాళ్ల కోసమే ఆ సలహాలన్నీ.

ఇప్పుడు వాడకం వల్ల వచ్చే అరుగుదల. బ్యాటరీ సామర్థ్యానికి సమానమైన కరెంటు మొత్తంగా బయటికి వస్తే ఒక సైకిల్. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండు రోజులకి ఒక సైకిల్. రోజుకి 80 శాతం వాడేవాళ్లకి ఏడాదికి 292 సైకిళ్లవుతాయి. 500 సైకిళ్లకి 80 శాతానికి దిగే బ్యాటరీ అయితే 20 నెలలు వస్తుంది. 1,000 సైకిళ్ల బ్యాటరీ అయితే మూడేళ్ల అయిదు నెలలు. రోజుకి 40 శాతమే వాడే పెద్దవాళ్లకి అదే 500 సైకిళ్లు మూడేళ్లు దాటి వస్తాయి. కాబట్టి బాగా వాడేవాళ్ల బ్యాటరీని ముందుగా తినేది వాడకం, తక్కువ వాడేవాళ్ల బ్యాటరీని తినేది కాలం. రాత్రంతా నిండుగా ఉంచడం వల్ల వచ్చే నష్టం ఈ రెండోవాళ్లకే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే ఇంటి టాబ్లెట్‌కీ, షాపు కౌంటర్ మీద రోజంతా ఛార్జింగ్‌లో ఉండే ఫోనుకీ ఇంకా ఎక్కువ.

‘ఎనభై’ అన్న అంకె మీద కూడా ఒక మాట చెప్పాలి. అదేదో గీత గీసినట్టు, అటు విషం ఇటు అమృతం అన్నట్టు చాలామంది మాట్లాడుతున్నారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మూడు రకాల లిథియం అయాన్ సెల్స్‌ను వేర్వేరు ఛార్జ్ స్థాయిల్లో, వేర్వేరు వేడిలో నెలల తరబడి ఉంచి చూశారు. నష్టం ఛార్జ్‌తో పాటు వరసగా పెరగలేదు. ఇరవై ముప్పై శాతం పొడవున దాదాపు ఒకేలా ఉండి, తర్వాత ఒక్కసారి మెట్టెక్కింది. గ్రాఫైట్ సగానికి పైగా లిథియంతో నిండిన దగ్గర ఆ మెట్టు వచ్చింది. అంటే గ్రాఫైట్ వైపు నుంచి చూస్తే 80కీ 95కీ తేడా అంత పెద్దది కాదు, 50కీ 80కీ మధ్య ఉన్నదే పెద్దది. కోబాల్ట్ వైపు సంగతి వేరు. ఫోను బ్యాటరీలను ఇప్పుడు 4.4 వోల్టులు దాటించి నింపుతున్నారు కాబట్టి అక్కడ పై హద్దు తగ్గించిన కొద్దీ మేలే. ఒక్కో సెల్‌కి పై వోల్టేజ్‌ను 0.1 తగ్గిస్తే సైకిళ్ల సంఖ్య సుమారు రెట్టింపవుతుందన్న అంచనా ఈ రంగంలో వాడుకలో ఉంది. ఎనభై దగ్గర ఆపితే లాభం ఉంది. అయితే అది డెబ్బై అయిదులోనూ ఉంది, ఎనభై అయిదులోనూ కొంత ఉంది. ఎనభై ఒకటి అయిందని ఎవరూ గుండె బాదుకోనక్కర్లేదు.

ఒక మొహమాటం లేని ప్రశ్న కూడా వేసుకోవాలి. మూడేళ్ల తర్వాత బ్యాటరీ 80 శాతానికి దిగకూడదని, మొదటి రోజు నుంచే 80 శాతంతో బతకడం ఎంతవరకు సబబు? రాత్రికి 35 శాతం మిగిల్చుకునేవాళ్లకి ఆ ఇరవై శాతం వదులుకోవడం ఏమంత కష్టం కాదు, అలాగే చేయండి. సాయంత్రానికే ఫోను ఆరిపోయేవాళ్లు నిండుగా ఎక్కించుకోవాలి. అమెరికాలో ఉన్న పిల్లల వీడియో కాల్ కోసం ఎదురుచూసే పెద్దావిడకి ఎనభై లెక్కలు చెప్పి కంగారు పెట్టడం నాకు నచ్చదు. ఆమెకి కావలసింది పొద్దునే నిండుగా ఉన్న ఫోను. వేసవి కోతల్లో కరెంటు ఎప్పుడుంటే అప్పుడే ఎక్కించుకోవాల్సిన ఊళ్లలో కూడా అంతే. బ్యాటరీ మన కోసం ఉంది, దాని కోసం మనం లేము.

కంపెనీలు ఈ నిండుగా కూర్చునే గంటల్ని గుర్తించి పదేళ్లు కావస్తోంది. సోనీ 2016లో ఎక్స్‌పీరియా ఫోన్లలో బ్యాటరీ కేర్ పెట్టింది. ఆపిల్ 2019లో ఐఓఎస్ 13తో ఆప్టిమైజ్డ్ ఛార్జింగ్ తెచ్చింది. గూగుల్ 2020 చివర్లో పిక్సెల్‌లకి అడాప్టివ్ ఛార్జింగ్ ఇచ్చింది. మూడింటి ఆలోచనా ఒక్కటే. రాత్రి 80, 90 దగ్గర ఆగి, మనం లేచే వేళను అంచనా కట్టి, దానికి కాస్త ముందు మిగతాది ఎక్కించడం. ఇది చాలా మంచి ఉపాయం. పెట్టే వేళా లేచే వేళా ఒకేలా ఉన్నవాళ్లకి రాత్రి ఛార్జింగ్ చర్చ దీంతో ముగిసినట్టే. కానీ వారంలో మూడు రోజులు నైట్ షిఫ్ట్, రెండు రోజులు పగటి షిఫ్ట్ చేసే మాదాపూర్ ఉద్యోగికీ, ఆసుపత్రి నర్సుకీ, లారీ డ్రైవర్‌కీ ఈ అంచనా కుదరదు. అలాంటివాళ్లకి స్థిరమైన హద్దే మేలు. శాంసంగ్ మొదట 85 దగ్గర, తర్వాత 80 దగ్గర ఆపే వీలు ఇచ్చింది. ఐఫోన్ 15 నుంచి ఆపిల్ 80 హద్దు ఇచ్చి, ఐఓఎస్ 18లో దాన్ని 80 నుంచి 100 వరకు అయిదేసి మెట్లుగా మార్చుకోనిచ్చింది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ అన్న చోట ఇవి దొరుకుతాయి. చాలామంది ఫోన్లలో ఈ ఏర్పాటు ఉండి కూడా ఉన్నట్టు తెలియదు.

ఫాస్ట్ ఛార్జింగ్ గురించిన భయం కొంతమేరకు అతి. ఎక్కువ వాట్ల ఫోన్లలో చాలావరకు బ్యాటరీని రెండు సెల్స్‌గా చీల్చి భారాన్ని పంచుతారు, వేడిని కొలుస్తూ వేగం తగ్గిస్తారు. ఆ వేగం కూడా మొదటి సగం వరకే. అయినా తెల్లవార్లూ సమయం ఉన్నప్పుడు వేగం అవసరం లేదు కాబట్టి, పాత 10 వాట్ల ఛార్జర్ ఇంట్లో ఉంటే రాత్రికి దాన్నే వాడటం తెలివైన పని. నిండడానికి ఎక్కువసేపు పడుతుంది, నిండుగా కూర్చునే గంటలు తగ్గుతాయి, వేడీ తగ్గుతుంది. వైర్‌లెస్ ప్యాడ్ విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో కొలిచినప్పుడు, వైరుతో పెట్టిన ఫోను 27 డిగ్రీలు మించలేదు, ప్యాడ్ మీద పెట్టినది 30.5కి చేరింది. ప్యాడ్ మీద పక్కకి జరిగి ఉన్న ఫోనులో ఆ వేడి ఇంకా చాలాసేపు నిలిచింది. అది వాళ్ల చల్లని గదిలో సంగతి.

నెలకోసారి సున్నాకి దించడం గురించి క్లుప్తంగా చెబుతాను. అది బ్యాటరీకి మేలు చేయదు. శాతం చూపించే లెక్క తప్పినప్పుడు దాన్ని సరిచేయడానికి ఎప్పుడైనా ఒకసారి పనికొస్తుంది, అంతే. వాడని ఫోనును దాచేటప్పుడు మాత్రం సగం ఛార్జ్‌తో, చల్లని చోట పెట్టాలి. సున్నాతో దాచిన బ్యాటరీ మళ్లీ లేవకపోవచ్చు.

ఇంతదాకా వాడేవాళ్లు చేయగలిగినవి చెప్పుకున్నాం. బ్యాటరీ ఆయుష్షులో పెద్ద వాటా అసలు వాళ్ల చేతిలో లేదు. తెర మీద కనిపించే 100 శాతం రసాయనశాస్త్రం పెట్టిన హద్దు కాదు, కంపెనీ ఎంచుకున్న హద్దు. ఒకప్పుడు 4.2 వోల్టుల దగ్గర ఆగేవారు. పెట్టె మీద పెద్ద అంకె వేసుకోవడానికి దాన్ని 4.35కి, 4.4కి, ఇంకా పైకి జరిపారు. అదే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, తక్కువ ఏళ్లు వస్తుంది. ఈ బేరం కుదుర్చుకునేటప్పుడు కొనేవారిని ఎవరూ అడగలేదు. బ్యాటరీ అరిగినప్పుడు ఏం చేయాలన్నది కూడా కంపెనీయే నిర్ణయించింది. అరిగిన బ్యాటరీ ఉన్న ఐఫోన్లను చెప్పకుండా నెమ్మది చేసిందని 2017 డిసెంబరులో బయటపడి, ఆపిల్ క్షమాపణ చెప్పి, అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 నుంచి 29 డాలర్లకి తగ్గించింది. 2020లో అక్కడి దావాల్లో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించడానికి ఒప్పుకుంది. కొత్త బ్యాటరీ వేస్తే ఫోను మళ్లీ పరుగెత్తుతుందన్న సంగతి చాలామందికి అప్పుడే తెలిసింది. అప్పటికే ఎంతమంది ఫోనే పాతబడిందనుకుని కొత్తది కొన్నారో!

ఇప్పుడు సిలికాన్ కలిపిన ఆనోడ్‌లు వస్తున్నాయి. అదే మందంలో 6,000, 7,000 ఎంఏహెచ్ బ్యాటరీలు సాధ్యమైంది వాటితోనే. లిథియం చేరినప్పుడు గ్రాఫైట్ పదో వంతు ఉబ్బితే, సిలికాన్ మూడింతలు ఉబ్బుతుంది. అందుకే దాన్ని కార్బన్‌తో కలిపి, కొద్ది పాళ్లలోనే వాడుతున్నారు. ఇవి మన వేసవుల్ని ఎలా తట్టుకుంటాయన్నది నాలుగైదేళ్ల వాడకమే చెప్పాలి. పెద్ద బ్యాటరీతో ఒక మేలైతే ఖాయం. వాడకం అంతే ఉంటే సైకిళ్లు తగ్గుతాయి.

చట్టం ఏం చేయగలదో యూరప్ చూపిస్తోంది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ఫోను బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత కనీసం 80 శాతం నిలుపుకోవాలి, ఎన్ని సైకిళ్లు తట్టుకుంటుందో లేబుల్ మీద ఉండాలి. 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల బ్యాటరీలను వాడేవారే మార్చుకోగలిగేలా చేయాలన్న నియమం కూడా ఉంది, కొన్ని మినహాయింపులతో. ఆపిల్ తన ఐఫోన్ 15 బ్యాటరీలకి 500 అని చెప్పిన అంకెను 2024లో తిరిగి పరీక్షించి 1,000కి మార్చింది. అడిగితే అంకెలు బయటికి వస్తాయి.

మన దగ్గర బీఐఎస్ ప్రమాణం బ్యాటరీ ఎంత భద్రమో చూస్తుంది. ఎన్నేళ్లు రావాలో చెప్పదు. ఫోన్లను ఎంత తేలిగ్గా బాగుచేయవచ్చో మార్కులు వేసే సూచిక కావాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. అది త్వరగా, తప్పనిసరిగా అమల్లోకి రావాలి. ఎందుకంటే ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో బ్యాటరీ మార్చే కుర్రాడికి చేతిపని తెలుసు, అతనికి దొరకనిది నమ్మదగిన బ్యాటరీ. జిల్లా కేంద్రానికి అవతల ఉన్న ఊళ్లలో సర్వీస్ సెంటరే ఉండదు. రాత్రి జాగ్రత్తలన్నీ పాటించి బ్యాటరీని ఇంకో ఏడాది లాగించినవాళ్లకి కూడా చివరికి కావలసింది కంపెనీ బ్యాటరీయే, అదీ న్యాయమైన ధరకి, దగ్గరి ఊళ్లో. తిరుపతిలో ఫోన్లకి పనికొచ్చే లిథియం సెల్స్ తయారీ కర్మాగారం 2022 సెప్టెంబరులో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా పెద్ద సెల్ ఫ్యాక్టరీకి 2023లో పునాది వేసింది. సెల్స్ ఇక్కడే తయారవుతున్నప్పుడు, 40 డిగ్రీల దగ్గర వాటి ఆయుష్షు ఎన్ని సైకిళ్లో పెట్టె మీద ముద్రించమని అడిగే హక్కు ఇక్కడి కొనుగోలుదారుకి ఉండాలి. యూరప్ లేబుల్ మీది అంకె చల్లని ప్రయోగశాలలో తేలింది. రామగుండంలో కొనేవారికి కావలసింది రామగుండం వేడిలో తేలిన అంకె.